సర్వే నంబరు మొత్తం

బిట్రగుంట,
12 జూన్ 2024

అమ్మాయి ప్రత్యూషకు,

నీ పెద్దమామ పద్మనాభయ్య ఇంకా ఉన్నాడు, చదువుతున్నాడు, ఎవరితోనూ సరిపడడం లేదు. క్షేమ సమాచారం ఇంతే.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో మాట్లాడితే మీ అత్త ఆదిశేషమ్మ మధ్యలో లాక్కుని నీ పిల్లల జలుబుల గురించి అడుగుతుంది. నాకు కావలసింది సమాచారం. గూడ్సు బండి చివరి పెట్టెలో గార్డుగా ఒంటరిగా కూర్చుని, ఉద్యోగమంతా చదువుకుంటూ గడిపినవాణ్ణి. కాగితం మీద ఉన్నదే నా బుర్రకెక్కుతుంది.

మా పంచాయతీ ఆఫీసు గోడకు ఒక పటం అంటించారు. నువ్వు పనిచేసే పట్టణాభివృద్ధి సంస్థ వేసిన మాస్టర్ ప్లాన్ ముసాయిదా అట. రైల్వే కాలనీ దగ్గర్నుంచి జువ్వలదిన్నె సముద్రం దాకా అంతా రంగులే. జనం దాని ముందు గుమిగూడి ఎవరి పొలం ఏ రంగులో పడిందో వేలితో వెతుక్కుంటున్నారు. మాజీ సర్పంచి ‘ఇయన్నీ గాలి రంగులు, ప్రభుత్వం మారింది గదా, పోతాయి’ అని తేల్చాడు. ఎనిమిదో తరగతిలో నా జవాబులు చూసి రాసి, వాటిని కూడా తప్పు రాసిన మేధావి.

పూర్వం పట్టణాల్లో తోళ్లు పదును చేసేవాళ్లనీ కుమ్మరి బట్టీలనూ గాలి వాలు చూసి ఊరి చివర పెట్టేవారని చదివాను. అది నాకు అర్థమవుతుంది. మీ తాతయ్య పొలం మీద పసుపు చారలు ఎందుకు గీశారో మాత్రం అర్థం కాలేదు. అదే, నేనూ మీ చిన్నమామ గంగాధరమూ పంచుకున్న పొలం.

పంపకం సంగతి నీకు ఎవరు ఎలా చెప్పారో తెలియదు కనుక నేను చెబుతాను. మనలో పెద్దవాడు గీత గీయాలి, చిన్నవాడు కోరుకోవాలి. నేను పెద్దమనుషుల ముందు తాడు లాగించి నిక్కచ్చిగా రెండు సగాలు చేశాను. వాడు రోడ్డు వైపు సగం కోరుకున్నాడు. ఊళ్లో పాత ఇల్లూ వాడికే పోయింది. నాకు లోపలి సగం మిగిలింది. మధ్యన గట్టు వేసుకున్నాం. రిటైరయ్యాక నా సగంలో ఇల్లు కట్టుకున్నాను. వాడి ముఖం చూడకుండా బతుకుదామంటే, రోడ్డెక్కాలంటే వాడి బీడు మీదుగానే నడవాలి.

ఈ రంగుల నియమాలేమిటో విడమరచి రాయి. మీ అమ్మ విజయకుమారికి మా మేడ మీద గది వేస్తానన్న మాట మరచిపోలేదని చెప్పు. నీ అద్దె వాటాలో, హాల్లో చాప మీద పడుకోవలసిన మనిషి కాదు నా చెల్లెలు.

పెద్దమామ

నెల్లూరు,
20 జూన్ 2024

పెద్దమామకి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసుకి వస్తే మా సూపరింటెండెంటు గారు కోర్టు నోటీసేమోనని కంగారుపడ్డారు. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరంటే అదేనట.

మీరడిగింది చెబుతాను. ఏ లైను మీదికి ఏ బండి రావచ్చో మీ రైల్వేలో ముందే నిర్ణయిస్తారు కదా. ఏ నేల మీద ఏమి రావచ్చో అలా నిర్ణయించేదే జోనింగ్. పసుపు ఇళ్లకి, ఎరుపు వ్యాపారానికి, ఊదా ఫ్యాక్టరీలకి. లేత ఆకుపచ్చ వ్యవసాయం. అందులో పైరు, పశువుల పాక, మోటారు గది తప్ప కొత్త కట్టడానికి మామూలుగా అనుమతి రాదు. మన పొలం మీద మీరు చూసిన పసుపు చారలు మిశ్రమ వినియోగం. అక్కడ ఇల్లు కట్టుకోవచ్చు, కొట్టు పెట్టుకోవచ్చు, పొగ లేని చిన్న పరిశ్రమ కూడా పెట్టుకోవచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. జోను మారినంత మాత్రాన ఉన్న ఇంటిని కూల్చరు. కానీ అది జోనుకి పొసగని కట్టడంగా మిగిలిపోతుంది. సున్నం కొట్టించుకోవచ్చు, తలుపు మార్చుకోవచ్చు. గది కలపడానికీ అంతస్తు వేయడానికీ వీల్లేదు. మనకి ఆ భయం లేదు. మీ మేడ గదికి నిశ్చింతగా అర్జీ పెట్టుకోవచ్చు.

అమ్మకి మీ ఉత్తరం చదివి వినిపించాను. ‘చూసినావా, నా గది కోసరం రంగులు గూడా కనుక్కుంటుండాడు మా అన్న’ అని పక్కింటి రెబెక్కమ్మగారికి చెప్పుకుంది. అప్పుడే ఏ చీరలు తెచ్చుకోవాలో లెక్క వేస్తోంది.

ముసాయిదా మీద అభ్యంతరాలు ఎవరైనా రాసి ఇవ్వవచ్చు. మనకి ఆ అవసరం లేదనుకోండి.

మీ
ప్రత్యూష

బిట్రగుంట,
2 జులై 2024

ప్రత్యూషకు,

మన వంశంలో ఒక విషయాన్ని మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగిన రెండో మనిషివి నువ్వు. మొదటివాడు ఎవరో నేను చెప్పడం బాగుండదు.

ఒక సందేహం. ఊరికే, ఉదాహరణకి అడుగుతున్నాను. ఒక పొలం చెరువు కాలువ కింద రెండు కార్లు, అంటే ఏడాదికి రెండు పంటలు, పండిన మాగాణి అనుకో. యజమాని సోమరితనంతో కొన్నేళ్లు బీడు పెట్టాడు. అంత మాత్రాన దాన్ని ఆకుపచ్చలోంచి తీసి యంత్రాలకు అప్పగించవచ్చా? తిండి పండే నేలను పోగొట్టుకున్న పట్టణాలు తర్వాత ఏమయ్యాయో చరిత్రలో కావలసినంత ఉంది. మీ సంస్థలో ఎవరూ చరిత్ర చదవరా?

మీ అత్త నేను రాస్తుండగా వచ్చి నిలబడింది. ‘ఎవరి మీద పడబోతుండావు?’ అంది. ‘ఎవరి మీదా కాదు, సందేహం’ అన్నాను. ‘నీ సందేహాలకి ఎవురో ఒకరు కోర్టు మెట్లెక్కుతారు. పోయినసారి కరెంటాఫీసు వాళ్లు, అంతకు ముందు పాలబ్బాయి’ అంది. పాలల్లో నీళ్లున్నాయని నేను రుజువు చేశాను. దాన్ని ఆమె మరచిపోతుంది.

మామ

నెల్లూరు,
11 జులై 2024

పెద్దమామకి,

మీ సందేహం ఎవరి గురించో నాకు అర్థమైందిలెండి. మీ వెనకవైపు రొయ్యల గుంటల వాళ్లు ఇంకా ఇటు జరుగుతున్నారా? ఉప్పునీళ్లు పొలాల్లోకి ఊరుతున్నాయని కిందటిసారి అత్త చెప్పింది.

మీరన్నది సబబే. ఆయకట్టు మాగాణి అని గట్టిగా రుజువైతే ముసాయిదాలో ఏ రంగు ఉన్నా ఆకుపచ్చకి మారుస్తారు. బీడు పెట్టడం లెక్కలోకి రాదు. సాగునీటికి పన్ను కట్టిన పాత నీటి తీరువా రసీదులుంటే అంతకన్నా బలమైన రుజువు లేదు. కావాలంటే అభ్యంతరం ఇవ్వండి, తప్పేమీ లేదు.

అమ్మ అడగమన్నది: గదికి కిటికీ సముద్రం వైపు పెట్టిస్తారా అని.

ప్రత్యూష

బిట్రగుంట,
3 సెప్టెంబరు 2024

చిరంజీవి ప్రత్యూషకు,

పని అయింది. నీ అండతో అయింది. ఇప్పుడు దాచవలసిన అవసరం లేదు.

మీ చిన్నమామ కొడుకు వెంకటేష్ రోడ్డు వైపు సగంలో ఐస్ ప్లాంటు పెట్టబోతున్నాడు. జువ్వలదిన్నె పడవలకి ఐసు కావాలట. మా ఇంటికి ఎదురుగా, పగలూ రాత్రీ దడదడమనే యంత్రం. నన్ను అడిగారా? గంగాధరం టీ బంకు దగ్గర అందరికీ చెప్పాడట, ‘మా అన్నకి చల్లగా ఉంటుంది’ అని.

వాడి నోరు నీకు తెలియదు. నీ పెళ్లిలో, మగపెళ్లివారి ముందర, నన్ను చూపించి ఏమన్నాడో నీకు ఎవరూ చెప్పి ఉండరు. ‘మా అన్న బండి నడపలా. అందరూ పోయినాక వెనక ఎర్రదీపం చూపించినాడు’ అన్నాడు. పంక్తి మొత్తం నవ్వింది. మీ మామగారికి పొలమారింది. నేను పాయసం వదిలేసి లేచాను. ఆ రోజు నుంచి వాడికి చూపించవలసిన దీపం కోసం వెతుకుతున్నాను.

అభ్యంతరం నేనే రాశాను. నకలు పంపడం లేదు కానీ ఒక ముక్క చదువు: ‘ఈ సర్వే నంబరు మొత్తం చెరువు కాలువ కింద రెండు కార్లు పండే మాగాణి. మా తండ్రి ఇందులో మొలగొలుకుల వరి నాటిన రోజుల్లో, పుష్యమాసం పొద్దున ఈ కొసన నిలబడి చూస్తే ఆ కొసన మనిషి నడుము దాకా పైరులో ఉండి, పడవలో పోతున్నట్టు కనిపించేవాడు. ఇటువంటి నేలలో ఏ కట్టడమైనా అన్నం కుండలో పోసిన ఇసుక.’

మా నాయన నాటి నీటి తీరువా రసీదులన్నీ జత చేశాను. నువ్వు చెప్పినట్టే.

మామ

నెల్లూరు,
9 సెప్టెంబరు 2024

పెద్దమామా,

నేను మీకు అండగా లేను. రొయ్యల గుంటల గురించి అనుకుని రాశాను. మీరు చిన్నమామ మీద వేస్తారని తెలిస్తే రాసి ఉండేదాన్ని కాదు. మీ అభ్యంతరం మా విభాగానికే వచ్చింది. బంధువులదని చెప్పి ఆ ఫైలు నా చేతికి రాకుండా చూడమన్నాను.

అంతకన్నా ముఖ్యం: ‘సర్వే నంబరు మొత్తం’ అని ఎందుకు రాశారు? మీరు సబ్ డివిజన్ చేయించి రెండు నంబర్లు తీసుకోలేదు కదా. మీరు వేసుకున్న గట్టు మా పటంలో లేదు. మాకు అది ఒకటే నేల, ఒకటే నంబరు. మీ ఇల్లు కూడా అందులోనే ఉంది.

గడువు ఈ నెలాఖరు దాకా ఉంది. సవరణ ఇవ్వండి. రోడ్డు వైపు భాగం మాత్రమే అని రాసినా చాలు. దయచేసి ఇవ్వండి.

ప్రత్యూష

బిట్రగుంట,
17 సెప్టెంబరు 2024

ప్రత్యూషకు,

గంగాధరం ఎనిమిదో తేదీ ఆదివారం మీ ఇంటికి వంజరం చేపలు తెచ్చాడని విన్నాను. నీ ఉత్తరం సోమవారం రాసింది. ఇంతకు మించి నేనేమీ అనను.

మొత్తం అని ఎందుకు రాశానో చెబుతాను. సగం అని రాస్తే అన్నదమ్ముల తగాదా అంటారు. మొత్తం అని రాస్తే ప్రజల మేలు అంటారు. ఇంత మాత్రం లోకజ్ఞానం గార్డు పెట్టెలో కూడా వస్తుంది.

సబ్ డివిజన్ కావాలంటే ఇద్దరం ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. వాడి పేరు పక్కన నా పేరు రాయడం ఇష్టం లేకనే ఇన్నేళ్లూ ఆగాను. గట్టు పటంలో లేదంటావు. గట్టు నేల మీద ఉంది. దాని మీద నేను రోజూ నడుస్తున్నాను. ఎవరైనా ఆఫీసరు వచ్చి కళ్లతో చూస్తే ఇటు ఇల్లు, అటు బీడు అని వాడికే తెలుస్తుంది.

సవరణ ఇవ్వను. వెనక్కి తగ్గానని వాడు టీ బంకు దగ్గర చెప్పుకోవడానికా?

పద్మనాభయ్య

బిట్రగుంట,
5 మార్చి 2025

ప్రత్యూషకు,

ఆరు నెలలుగా నువ్వు రాయలేదు, నేను రాయలేదు. ఇద్దరిలో పెద్దవాణ్ణి కనుక నేనే మొదలుపెడుతున్నాను.

మీ సంస్థ నుంచి తాఖీదు వచ్చింది. ‘మీ అభ్యంతరం సమంజసమని భావించి ఆమోదించడమైనది.’ మీ అత్తకి చదివి వినిపించాను. ‘దీన్ని పోపులో వేసేదా?’ అని అడిగింది. పటం కట్టించి గోడకి తగిలించాను.

గంగాధరం ఇంకా ఏమీ అనలేదు. వాడు మాట్లాడకుండా ఉండడం నా జ్ఞాపకంలో ఇదే మొదలు.

ఇక మీ అమ్మ గది. మేస్త్రీ పెంచలయ్య వచ్చి కొలతలు తీసుకున్నాడు. కిటికీ సముద్రం వైపే. ఇంజనీరు చేత ప్లాను గీయించి కంప్యూటరులో అర్జీ పెట్టించాను. కింద ఉన్నది ఒక్క పడకగదీ, నా పుస్తకాలు నిండిన హాలూ. అందుకే ఇన్నాళ్లు ఆగాను, నా చెల్లెలు పుస్తకాల మధ్య సందులో పడుకోకూడదని. అనుమతి రాగానే మొదలు. మీ అమ్మని చీరలు సర్దుకోమను.

మామ

నెల్లూరు,
28 మార్చి 2025

పెద్దమామకి,

మీ అర్జీ తిరస్కరించారు. కంప్యూటరులో ఈ పాటికి కనిపించే ఉంటుంది. నేనే చెబితే మంచిదని రాస్తున్నాను.

సర్వే నంబరు మొత్తం ఇప్పుడు ఆకుపచ్చ. మీ అభ్యంతరాన్ని అక్షరాలా ఆమోదించారు. ఆఫీసరు వచ్చి చూశారు కూడా. ఇల్లు ఉన్నదని రాసుకున్నారు, పంచాయతీ అనుమతితో ముందే కట్టినది కనుక ఉండనివ్వవచ్చన్నారు. కలపడానికి వీల్లేదు. బ్యాంకు అప్పు రాదు. అమ్మబోయినా ఇల్లుగా ఎవరూ కొనరు. పొసగని కట్టడానికి గది కలపడానికి వీల్లేదని పోయిన జూన్‌లోనే నేను మీకు రాశాను.

వెంకటేష్‌కి ఇబ్బంది రాలేదు. హార్బరు పక్కన పరిశ్రమల జోనులో స్థలం దొరికింది. పడవలకి ఇంకా దగ్గరైందని సంతోషంగా ఉన్నాడు.

అమ్మ సంగతి. మొన్నటి ఉత్తరం దాకా ఇన్ని నెలలు మీరు పిలవకపోయేసరికి, ఆదిశేషమ్మత్తకి తను రావడం ఇష్టం లేదేమోనని అనుకుంది. నేను కాదని చెప్పాను. నమ్మలేదు. ‘వొదిన మంచిదే, కానీ ఎవురి కొంప వాళ్లదిమ్మా’ అంది. ఉగాదికి చిన్నమామ వచ్చి తీసుకెళుతున్నాడు. ఊళ్లో ఆ పాత ఇల్లు గ్రామకంఠంలో ఉంది, అంటే మొదట్నుంచీ ఇళ్ల కోసమే ఉన్న నేల. అక్కడ గది వేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. పునాది తవ్వేశారట.

అమ్మకి కోపం లేదు. అది మీకు చెప్పమన్నది.

ప్రత్యూష

బిట్రగుంట,
6 మే 2025

ప్రత్యూషకు,

నీ ఉత్తరం మీ అత్త చదివింది. నేను ఇవ్వలేదు, తీసుకుంది. చదివి మడిచి నా చేతిలో పెట్టింది. తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే మీ అమ్మకి తెలియాలి.

‘నేను వద్దన్నానా? యాభై ఏళ్లు నీతో కాపరం చేసినా, నాకు మాట్లాడను ఒక మనిషి వస్తుందని ఎదురు చూస్తుండా. మీ మొగోళ్ల పంతాలకి ఆమె నన్ను తప్పు పట్టుకునిపోయింది. నువ్వు గెల్చినావు గదా, ఆ కాగితం పక్కన బెట్టుకుని పడుకో.’

తాఖీదు గోడ మీంచి దించి బీరువా వెనక పెట్టేసింది.

ఉగాది నాడు వాడు మీ అమ్మని ఆటోలో మా ఇంటి ముందు నుంచి తీసుకుపోయాడు. రోడ్డు మీద ఆగలేదు. మీ అమ్మ తల తిప్పి చూసింది. నేను పేపరు చదువుతున్నాను.

ప్రపంచంలో మినహాయింపు లేని నిబంధన ఇంతవరకు ఎవరూ రాయలేదు. మీ చట్టంలో అదెక్కడుందో చెప్పు.

మామ

నెల్లూరు,
14 మే 2025

పెద్దమామకి,

ఉంది. భూ వినియోగ మార్పిడి అని అర్జీ పెట్టుకోవచ్చు. ఆకుపచ్చని మళ్లీ నివాసానికి మార్చమని. ప్రభుత్వం దాకా వెళ్లాలి, ఆలస్యమవుతుంది, అవుతుందనీ చెప్పలేను. కానీ సర్వే నంబరులో హక్కున్న వాళ్లందరూ సంతకం పెట్టాలి. మీరిద్దరూ.

చిన్నమామని నేనే అడిగాను. అడగ్గానే పెట్టాడు. కాగితం దీనితో పంపుతున్నాను.

ప్రత్యూష

బిట్రగుంట,
20 మే 2025

ప్రత్యూషకు,

సంతకం పెట్టాను. వాడి సంతకానికి ఎంత దూరంలో పెట్టాలో నిబంధన చెప్పలేదు కనుక కాగితం అడుగున పెట్టాను.

వాడు అడగ్గానే ఎందుకు పెట్టాడు? అది నాకు నచ్చలేదు.

పద్మనాభయ్య

నెల్లూరు,
16 అక్టోబరు 2025

పెద్దమామకి,

అర్జీ వెనక్కి వచ్చింది. తిరస్కరించలేదు, వివరణ అడిగారు. ఇది రెండు కార్లు పండే మాగాణి అనీ, ఇందులో ఏ కట్టడమైనా అన్నం కుండలో పోసిన ఇసుక అనీ అర్జీదారే రుజువులతో రాసి ఇచ్చి ఉండగా, ఇది ఇళ్లకు తగిన నేల అని ఇప్పుడు ఏ ఆధారంతో అంటున్నారు, అని. మీ వాక్యాలు కొటేషన్లలో పెట్టి మరీ రాశారు. డిసెంబరు లోపల సమాధానం ఇవ్వాలి. మీ మాటకి మీరే జవాబు రాయాలి మామా, ఇంకెవరు రాసినా చెల్లదు.

పోయిన వారం ఊరికి వెళ్లాను. మీ అభ్యంతరం నకలు చిన్నమామ దగ్గర ఉంది. ఆఫీసులో అడిగి తీసుకున్నాడట. అమ్మ చేత చదివించుకుని విన్నాడు. నా ముందు మళ్లీ చదివించాడు. తాతయ్య మొలగొలుకుల దగ్గరికి వచ్చేసరికి, ‘ఆపు, మళ్లీ చదువు’ అన్నాడు. తర్వాత, ‘నిజమే గదమ్మా. నేనెందుకు బీడు పెట్టినా ఆ నేలని?’ అన్నాడు. ఎగతాళికి అన్నాడేమోనని ముఖం చూశాను. కాదు.

అతని మీద మీరు ఏమనుకున్నా, ఆ సంతకం మీకోసం పెట్టాడు. అమ్మ గది అప్పటికే అయిపోయింది.

ప్రత్యూష

బిట్రగుంట,
11 డిసెంబరు 2025

అమ్మాయి ప్రత్యూషకు,

వివరణ పంపడం లేదు. గడువు పోనివ్వు.

బద్ధకం కాదు. కూర్చున్నాను. రెండు నెలలు కూర్చున్నాను. ప్రతి వాక్యానికీ ఎదురు వాక్యం రాయాలని చూశాను. మాగాణి కాదని రాయాలంటే రసీదులు ఉన్నాయి, నేనే జత చేశాను. పైరు పండదని రాయాలంటే మా నాయన నడుము దాకా మునిగి నడిచి వస్తాడు. ఇతరులు రాసినవాటిలో తప్పులు పట్టుకుంటూ ఇంత వయసు వచ్చింది నాకు. నా దాంట్లో ఒక్కటీ దొరకలేదు. ఇంత గట్టిగా ఎందుకు రాశానా అని మొదటిసారి అనిపించింది.

ఒకవేళ రాసినా ఇప్పుడు ఎవరూ నమ్మరు. కార్తీకం వెళ్లగానే గంగాధరం ట్రాక్టరు దించాడు. కాలువ తూము ఎత్తించి బీడు మొత్తం దమ్ము చేసి నాట్లు వేయించాడు. నీళ్లు గట్టు కింద నుంచి ఊరి మా పెరట్లోకి వచ్చాయి. గోడలు మోకాలెత్తు దాకా చెమ్మ పట్టాయి. కింది అరల పుస్తకాలు ఉబ్బి అట్టలు ఊడుతున్నాయి. పెంచలయ్య వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూసి, ‘పునాది ఎత్తు పెంచాల సామీ, గోడ కోసి కొత్తది లేపాల’ అన్నాడు. అది మరమ్మతా, కొత్త కట్టడమా అని అడిగాను. వాడు నన్ను జాలిగా చూశాడు.

నాట్లు అయిన రోజు గంగాధరం గట్టు మీదకి వచ్చి నిలబడ్డాడు. కొన్నేళ్లలో నాతో మాట్లాడిన మొదటి మాట ఇది: ‘నువ్వు రాసినట్టే చేసినానన్నా. మాగాణి అన్నావు, మాగాణే జేసినా. తప్పుంటే చెప్పు.’

తప్పు లేదు. అది చెప్పకుండా, ‘నా దారేది?’ అన్నాను. ఎందుకంటే నేను రోడ్డెక్కే దారి ఇప్పుడు మడి. మిగిలింది ఊరి బాట దాకా పోయే ఆ గట్టు ఒక్కటే.

‘గట్టుండాది గదా.’

‘దాని మీద కోడి నడుస్తుంది. వెడల్పు చేయించు.’

‘వెడల్పు జేస్తే రోడ్డవుతుంది. ఆకుపచ్చలో రోడ్డుకి పర్మిషన్ గావాలంట. మన ప్రత్యూషనే అడుగు’ అన్నాడు. నవ్వలేదు. నిజంగానే అడగమన్నాడేమో కూడా.

మీ అత్తకి గట్టు అడ్డం కాలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని రోజూ పొద్దున దాటి పోతుంది, మీ అమ్మతో తిని, మీ అమ్మతో కబుర్లాడి, పొద్దుగూకేలోపు వస్తుంది. నాకు గిన్నెలో కూర తెస్తుంది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, ‘ఏముండాది, ఆడోళ్ల మాటలు’ అంటుంది. నేను మోకాళ్లతో ఆ గట్టెక్కలేక కొన్ని వారాలుగా ఇల్లు కదలలేదు. చుట్టూ పచ్చగా ఉంది. ఎటు చూసినా ఒకటే రంగు. దాని మధ్యలో జోనుకి పొసగని వస్తువుగా నేను కూర్చుని ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం వాడు మళ్లీ వచ్చాడు. ‘రా అన్నా. చెల్లెలు పిలుస్తుండాది’ అని చెయ్యి చాపాడు. చెయ్యి పట్టుకోలేదు. భుజం పట్టుకున్నాను. బురదలో కాలు జారినప్పుడల్లా ఆగాడు.  ఇరవై ఏళ్లుగా వాడి నోట్లోంచి ఏం వస్తుందా అని కాచుకుని ఉన్న నాకు, ఆ గట్టు పొడవునా వాడేమీ అనకపోవడం భరించడం కష్టమైంది.

మీ అమ్మ గది చూశాను. చిన్నది. గాలి బాగా వస్తుంది. గోడలకి నీలం వేశారు, నేనైతే తెలుపు వేయించేవాణ్ణి. పీట వేసి విస్తరి ముందు కూర్చోబెట్టింది. మీ అత్త గుమ్మం దగ్గర, గంగాధరం అరుగు మీద. నేను ఇంటి నుంచి సిద్ధం చేసుకుని వెళ్లిన మాట అన్నాను.

‘విజయా, బట్టలు సర్దుకో. నిన్ను తీసుకుపోదామని వచ్చినా.’

అన్నం వడ్డిస్తున్న గరిటె ఆపి నన్ను చూసింది. కోపంగా కాదు, దెప్పడానికీ కాదు. చిన్నప్పుడు లెక్క తెలియక నా దగ్గరికి వచ్చినప్పుడు చూసినట్టు చూసింది.

‘యాడ పెడతావన్నా నన్ను?’ అంది.

అన్నం కలుపుకున్నాను. తిన్నంతసేపూ ఆలోచించాను. చెయ్యి కడుక్కున్నాక కూడా ఆలోచిస్తూ నిలబడ్డాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. చివరికి గంగాధరం లేచి, చీకటి పడకముందే గట్టు దాటించి, నన్ను నా ఇంట్లో దింపి, తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు.

పద్మనాభయ్య